ఊరికే

పీహెచ్‌డీ చేసే ఆడవాళ్ళకు యూజీసీ రెండేళ్ళు ఎక్కువ ఇచ్చింది. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం అందరికీ ఆరేళ్ళ గడువు, ఆ తర్వాత మళ్ళీ రిజిస్టరు చేసుకుంటే ఇంకో రెండేళ్ళు. ఆడవాళ్ళకు ఆపైన మరో రెండేళ్ళ వెసులుబాటు. కాన్పుకూ పిల్లల పెంపకానికీ 240 రోజుల దాకా సెలవు వేరే. మంచి నిబంధనే, రేపు నాకూ పనికొస్తుంది. కానీ అది చదివిన ప్రతిసారీ నాకొకటి తోస్తుంది. ఆడవాళ్ళ టైము ఎక్కడికో కారిపోతోందని ప్రభుత్వానికి తెలుసు. పోయినదాన్ని చివర్లో, రెండేళ్ళ ముద్దగా చేసి చేతిలో పెడుతోంది. నాకు నిజంగా కావలసింది చివరి రెండేళ్ళు కాదు, వచ్చే మంగళవారం సాయంత్రం.

ఇంతకీ ఎవరీ ఫిర్యాదుదారు అంటే, పెళ్ళయి నాలుగేళ్ళు. కాపురం ఎమ్మిగనూరులో, అత్తామామలతో. ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన తెలుగు చెప్తాను. కర్నూలులో పీహెచ్‌డీ, ఇది నాలుగో ఏడు. పడమటి కర్నూలు ఊళ్ళలో పనిచేసేవాళ్ళ మాటలు నా విషయం. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశాల్లో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఆ రెండో సంపుటం ఒళ్ళో పెట్టుకుని మా ఇంటి గుంటమగ్గం పక్కన కూర్చుని, ఇందులో ఉన్న మాట ఇక్కడ ఇంకా బతికుందా లేదా అని చూసుకోవడం నా రీసెర్చిలో సగం. మిగతా సగం బస్సులో జరుగుతుంది.

2019లో జాతీయ గణాంక కార్యాలయం మనుషులు రోజును ఎలా ఖర్చు పెడతారని ఒక సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 97. అసలు చేసే మగవాళ్ళే తక్కువ, ఆ చేసేవాళ్ళ సగటు ఇది. 299 నిమిషాలంటే ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. ఆ ఒక్క నిమిషం మనదన్నమాట.

ఐతే ఈ వ్యాసం ఇంటిపని గురించి కాదు. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా రాశారు. నన్ను కొరుకుతున్న ప్రశ్న అంతకంటే చిన్నది, పైకి అడగడానికి కొంచెం సిగ్గనిపించేది. పనుల మధ్య దొరికే చిన్న చిన్న సుఖాలకు నేను ఎవరికైనా లెక్క చెప్పాలా? చెప్పాలంటే ఏ లెక్కలో?

సుఖాలంటే పెద్దవేం కాదు. ఆదోనిలో పొద్దున బస్సు దిగి, మొదటి పీరియడుకు ముందు బండి దగ్గర నిలబడి తినే ఉగ్గాని. హైదరాబాదు స్నేహితులకు ఎన్నిసార్లు చెప్పినా బొరుగుల ఉప్మా అంటారు. ఉప్మా కాదు. బొరుగులను నీళ్ళలో ముంచి, వెంటనే పిండి, ఉల్లిగడ్డ పచ్చిమిరపకాయ పసుపు వేసిన తిరగమోతలో కలిపి, పైన పుట్నాలపప్పు పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి ఉండాలి, లేకపోతే అది సగం వాక్యం. బొరుగు పూర్తిగా మెత్తబడక ముందు, ఇంకా కొంచెం పంటికి తగిలే దశ ఒకటుంటుంది. రెండు మూడు నిమిషాలకు మించి ఉండదు. ఆ కాస్త టైములో తినాలంటే ఫోను సంచిలో ఉండాలి. నా రోజంతటిలో ఫోను సంచిలో ఉండే టైము అదొక్కటే.

ఇంకొకటి బస్సులో కుడివైపు కిటికీ. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి దాదాపు 30 కిలోమీటర్లు, దారి నైరుతికి పోతుంది. అందుకని పొద్దున పోయేటప్పుడు కుడివైపు నీడ. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బస్సూ తిరుగుతుంది, సూర్యుడూ తిరుగుతాడు, మళ్ళీ కుడివైపే నీడ. ఇది నేను కనిపెట్టిన ఏకైక సిద్ధాంతం, దీనికి ఏ జర్నలూ అక్కర్లేదు. చలికాలమైతే రోడ్డు పక్క కంపచెట్లకు పత్తి అంటుకుని ఉంటుంది. ఆదోని మార్కెట్టుకు పోయే బండ్ల నుంచి గాలికి ఎగిరి పడిన పత్తి. ఒకప్పుడు ఈ పత్తి వ్యాపారం చూసే ఆదోనిని రెండో బొంబాయి అన్నారు. ముళ్ళకు పూసిన ఆ తెల్లదనాన్ని చూస్తూ నేను ఏమీ ఆలోచించను. చాప్టరు గురించి కూడా. నీళ్ళు రాని రోజు పొద్దున ఇంకో అరగంట దుప్పట్లో ఉండటం, రాత్రి మిద్దె మీద మా ఆయనతో కలిసి వేయించిన శెనగలు నమిలే పది నిమిషాలు, ఇవి కూడా ఆ జాబితాలోవే. ఆ పది నిమిషాల్లో మేము మాట్లాడుకునేది ఎక్కువగా ఎవరు ముందు నిద్రపోతామా అన్న దాని గురించే.

తెలుగులో వీటన్నిటికీ సరిపోయే మాట ఒకటుంది. ఊరికే. ఎందుకు నవ్వుతున్నావ్ అంటే ఊరికే. ఎందుకు ఫోన్ చేశావ్ అంటే ఊరికే. కారణం లేదని చెప్పడానికి వాడతాం. డబ్బు తీసుకోకుండా ఇచ్చినా ఊరికే ఇచ్చాడు అంటాం. పని లేకుండా కూర్చుంటే ఊరికే కూర్చున్నాడు అంటాం, అది చాలాసార్లు నింద. ఖరీదు లేనిది, కారణం లేనిది, పని లేనిది, మూడూ ఒకే మాటలో ఉన్నాయి. నా థీసిస్‌లో ఈ మాటకు చోటు లేదు, ఇది పని మాట కాదు కాబట్టి. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

గమనిస్తే ఈ మాట అందరి నోట్లో ఒకేలా పలకదు. మా వీధి చివర కట్ట మీద కూర్చున్న మగవాళ్ళను ఏం చేస్తున్నారంటే ఊరికే అంటారు, అక్కడితో మాట ఐపోతుంది. అదే కట్ట పక్కనుంచి నేను సంచి లేకుండా పోతే, యాడికి పోతాండావమ్మా అని అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు. దానికి ఊరికే అన్నది జవాబు కాదు. అంటే మొదట నవ్వుతారు, తర్వాత ఇంటికొచ్చి అత్తను అడుగుతారు, కోడలు బాగుందా అని.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మాకు డబ్బులక్కర్లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. ఊరికే అన్న మాటకున్న ఒక అర్థాన్ని రాష్ట్రం మాకిచ్చింది. రెండో అర్థం మాత్రం ఇంకా రాలేదు. నా పక్క సీటులో కూర్చునే ఆడవాళ్ళు అడక్కుండానే కారణం చెప్తారు. ఆసుపత్రి, బ్యాంకు, గుడి, కాన్పైన కూతురు, మందులు. టికెట్టు పోయింది గానీ దాని బదులు ప్రతి ఒక్కరూ ఒక కారణం చేతిలో పట్టుకుని బస్సెక్కుతున్నారు. ఆడోళ్ళు పనీపాటా లేకుండా బస్సుల్లో తిరుగుతున్నారని విసుక్కునే మగవాళ్ళూ కనబడుతూ ఉంటారు. వాళ్ళ ఫిర్యాదు నిజమైతే ఎంత బాగుండు అనుకుంటాను.

మాలాంటి చదువుకున్నవాళ్ళం కూడా కారణాలు పట్టుకునే తిరుగుతాం, కాకపోతే మావి కొత్త కారణాలు. అవి రెండు రకాలు. ఒకటి బహుమతి. ఇంత పని చేశాను కాబట్టి ఇంత సుఖం నాకు చెందుతుంది. ఈ లెక్క ఆఫీసులో నడుస్తుందేమో, పీహెచ్‌డీలో నడవదు. ఇక్కడ పని ఐపోయే గంట లేదు. ఎంత చదివినా చదవనిది ఉంటుంది. ఆదివారం సినిమాకు పోతే తెర మీద హీరోకీ నాకూ మధ్య రెండో చాప్టరు వచ్చి కూర్చుంటుంది. పని ఐపోయాక సుఖపడాలనుకుంటే పట్టా తీసుకునే రోజున ఒక్కసారి సుఖపడాలి. రెండోది రీచార్జి. విశ్రాంతి తీసుకుంటే రేపు ఇంకా బాగా పనిచేస్తావు, అందుకని తీసుకో. ఫోన్లో వచ్చే సలహాలన్నీ ఇవే. ఇది వినడానికి దయగా ఉంటుంది గానీ, మనిషిని గోడకు తగిలించిన ఫోను కింద జమ కడుతుంది. ఉగ్గాని తిన్నందువల్ల నా పాఠం మెరుగుపడిందా? పడలేదు. బజ్జీ వల్ల కొంచెం నిద్ర కూడా వచ్చింది. ఐనా అది మంచి ఉగ్గానే.

మా ఆయన దగ్గర ఈ గొడవే లేదు. కోసిగి మండలంలో ఒక ప్రైమరీ స్కూల్లో టీచరు. సాయంత్రం వచ్చి, టీ తాగి, షటిల్ ఆడటానికి పోతాడు. ఆరోగ్యానికి అని కూడా అనడు. ఆడాలనిపించి పోతాడు, చీకటి పడ్డాక చెమటతో, మొహం వెలుగుతూ వస్తాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత చూస్తే నా కోపం ఆటమీద కాదని తెలిసింది. ఆడే మనిషిని చూడటం బాగుంటుంది. ఒకరోజు అడిగాను, ఏమప్పా, ఆడేటప్పుడు నీకు ఇల్లు గుర్తొస్తుందా అని. నిజాయితీగా ఆలోచించి, రాదు అన్నాడు. నువ్వూ పోవచ్చు గదా, ఎవరు వద్దన్నారు అన్నాడు. ఎవరూ వద్దనలేదు, అది నిజమే. వద్దనే మనిషి ఎదురుగా ఉంటే కనీసం పోట్లాడొచ్చు. ఆ సాయంత్రం అతనికి ఇల్లు గుర్తు రాకపోవడానికి కారణం, ఆ గంటన్నర ఇంటిని అత్తా నేనూ గుర్తుపెట్టుకోవడం. అతని ఊరికేకు రెండో కొస మా చేతుల్లో ఉంది. నా ఉగ్గానికి రెండో కొస అత్త చేతిలో ఉంది, నేను ఆరింటి బస్సెక్కుతుంటే పొయ్యి దగ్గర ఉండేది ఆమే కాబట్టి. మరి అత్తకు? ఆమె కొస ఎవరి చేతిలో ఉందా అని వెతికితే చాన్నాళ్ళు నాకు ఎవరూ కనబడలేదు.

స్కూలు అన్న మాట గ్రీకులో తీరిక అనే అర్థమున్న స్కోలె నుంచి వచ్చింది. చదువు పుట్టిందే తీరికలో. ఇంత చదివే నాకు తీరిక లేకపోవడం ఒక వింతైతే, ఆ గ్రీకు తీరిక బానిసల భుజాల మీద నిలబడటం ఇంకో విషయం. అరిస్టాటిల్ రాజనీతి గ్రంథంలో ఒకచోట అంటాడు, మగ్గంలో నాడె తనంతట తానే నేయగలిగితే యజమానులకు బానిసల అవసరం ఉండేది కాదని. అన్ని పనులుండగా ఆయనకు నేతపని గుర్తురావడం నన్ను ఎమ్మిగనూరు కోడలిగా ఆకట్టుకుంది. తర్వాత పవర్‌లూములు వచ్చాయి. నాడె తనంతట తానే ఆడింది. మరి తీరిక వచ్చిందా? నేతగాడికి వచ్చింది తీరిక కాదు, పని లేకపోవడం. రెండూ బయటి నుంచి ఒకేలా కనబడతాయి, మనిషి ఊరికే కూర్చుని ఉంటాడు. 1932లో రస్సెల్ సోమరితనాన్ని పొగుడుతూ రాసిన వ్యాసంలో రోజుకు నాలుగు గంటల పని చాలన్నాడు. నాకు ఆ వ్యాసం ఇష్టమే. కాకపోతే ఆ నాలుగు గంటల్లో అంట్లు తోమడం కలిసుందో లేదో అని ఇక్కడి నుంచి చూస్తే అనుమానం వస్తుంది.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో ఇక్కడ చేనేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు దూరదూరాలకు పోయిన రోజులు మా మామ ఇంకా చెప్తాడు. ఇప్పుడు మా వీధిలో మగ్గం చప్పుడు వినబడే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మామ నేస్తాడు, అత్త కండెలు చుడుతుంది. కూలి నేసినదానికి ఇస్తారు, మామ పేరు మీద. కండెల చుట్టుడుకు వేరే లెక్క లేదు, అది నేతలోనే కలిసిపోయింది. ఐతే రాట్నం ముందు కూర్చున్న అత్తను చూస్తే నాకు అసూయ పుడుతుంది. పక్కన ఫోన్లో పాత సినిమా పాటలు, చెయ్యి దానిపాటికి అది తిరుగుతుంటే ఆమె ఎక్కడో ఉంటుంది. పనిలోంచి కదలకుండా పనిలోంచి బయటికి పోవడం ఆమెకు తెలుసు. పదకోశంలో రాట్నం భాగాలన్నిటికీ పేర్లున్నాయి. దీనికి పేరు కనబడలేదు. ఈ సుఖం నాకు రాదు, ఎందుకంటే నా పనికి తలంతా కావాలి. తల మొత్తం అడిగే పని చేసే అదృష్టం కూడా అందరికీ ఉండదని తెలిసినా, ఆ రాట్నం ముందు అది పెద్ద అదృష్టంలా అనిపించదు.

ఇంతవరకు నా ఇంటి లెక్క. నవంబరు దాటితే లెక్కలోకి ఇంకొకరు వస్తారు.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి మనుషులు గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణకు పత్తి తీయడానికి పోతారు. తుంగభద్ర ఇటువైపే పారుతున్నా చాలా చేలకు వానే దిక్కు. పిల్లలు, గిన్నెలు, దుప్పట్లు, ఒక్కోసారి కోళ్ళు కూడా బండ్లెక్కుతాయి. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడతారు గానీ అందరూ ఉండరు. మా ఆయన జనవరిలో హాజరు పట్టీ తెచ్చి చూపిస్తే అందులో పేర్లున్నాయి, పిల్లలు లేరు. ఈ పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. వాళ్ళు సుగ్గికి పోయినారు, ఉగాదికి వస్తారు. నా థీసిస్‌లో ఎక్కువ పేజీలు తిన్న మాట ఇదే. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, ఆ సంబరం. సంక్రాంతిని సుగ్గి హబ్బ అంటారు. సరిహద్దు దాటి మా తెలుగులోకి వచ్చేసరికి సంబరం పడిపోయి, ఎవరిదో పంట కోయడానికి కూలికి పోవడం మిగిలింది. ఒక మాటకు ఇంతకంటే ఏం జరగాలి?

ఇవన్నీ తెలిసి ఆదోని బస్టాండు పక్కన నిలబడి బజ్జీ తినడం ఎలా? ఈ ప్రశ్న నాకు సెమినార్లలో పరిచయమైంది. అక్కడ దీనికి గంభీరమైన మొహాలుంటాయి. బస్సులో దీనికి వేరే మొహం ఉంది. సుగ్గి నుంచి తిరిగొచ్చిన ఒకామె, వయసు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువ, ఒకసారి నా పక్కన కూర్చుంది. అక్కడెలా ఉంటుందని అడిగితే, నేను రాసుకోవాలనుకున్నది చెప్పలేదు. "ఆడ కాలవ నీళ్ళు శానా బాగుంటాయి మా. పొద్దుగూకినాక అందరం మునిగి తానం జేసి ఒకసోట కూసుంటే, ఎన్ని మాటలనుకున్యావ్. ఈడ యాడుంటాది అట్ల?" అంది. తర్వాత అదే గొంతుతో, మిరపకాయల మంట చేతులకు రాత్రి దాకా పోదని, బిడ్డను ఎత్తుకోవాలన్నా భయమేస్తుందని చెప్పింది. కిలో లెక్కన కూలి కాబట్టి మధ్యలో లేవడం కుదరదని కూడా. రెండు మాటల్లో ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని నిజం అనడానికి నాకు మనసొప్పదు. కాలవ గట్టు మీది కబుర్లు ఉన్నాయి కాబట్టి సుగ్గి పరవాలేదు అనేవాళ్ళు ఒక అబద్ధం చెప్తారు. ఆమె బతుకులో మంట తప్ప ఏమీ లేదనేవాళ్ళు ఇంకోటి చెప్తారు, పైగా ఆమెకున్న కాస్తా లాక్కుంటారు.

నేను బజ్జీ మానేస్తే కోసిగిలో ఎవరికీ విశ్రాంతి దొరకదు. ఈ మాట చాలామంది అంటారు, అని చేయి దులుపుకుంటారు. నాకు దులుపుకోవడం దగ్గరే పేచీ. సుఖాన్ని వదులుకోవడం పుణ్యం కాకపోవచ్చు, అలాగని అది ఆకాశం నుంచి పడదు. నేను తినే కారం ఎవరో కిలో లెక్కన కోసిందే. లెక్క చెప్పాలంటే ఎంత పని చేశాను అని కాదేమో చెప్పాల్సింది. నేను ఊరికే ఉన్న టైములో రెండో కొస ఎవరు పట్టుకున్నారు, వాళ్ళ వంతు ఎప్పుడు వస్తుంది, ఇది. వంతు మా వైపు పని మాటే. కాలవ నీళ్ళకు వంతు ఉంది, వంటకు వంతు ఉంది, పేరంటానికి వాయనాలు పంచే దగ్గర కూడా ఉంది. తీరికకు మాత్రం ఎవరూ వంతులు వేయలేదు. కోసిగి ఆమె వంతు వేయడం నా చేతిలో లేదు. అది కూలి రేట్లు, చేలకు నీళ్ళు, ఉపాధి పనుల సంగతి, దానికి ఓటూ పోరాటమూ కావాలి, ఈ వ్యాసం చాలదు. కానీ ఇంట్లో వంతు వేయడానికి కూడా అవే కావాలని చెప్పి తప్పించుకోలేను గదా.

ఇక్కడ నాకు దారి చూపింది పంచాంగం. మా ఇంట్లో అమావాస్యకు మగ్గం ఎక్కరు. ఏంటికి మామా అంటే, పెద్దోళ్ళు పెట్టినారు అంటాడు, అంతకంటే ఆయనకు అక్కర్లేదు. నేసే బట్ట సగంలో ఉన్నా, సావుకారి మనిషి రెండుసార్లు వచ్చిపోయినా, అమావాస్య అంటే అమావాస్యే. దీన్ని నేను మూఢనమ్మకం కింద రాసుకుని చాలాకాలం పక్కన పెట్టాను. ఇప్పుడు చూస్తే ఇంత తెలివైన ఏర్పాటు నాకు యూనివర్సిటీలో ఎక్కడా కనబడలేదు. ఈ సెలవు ఎవరూ సంపాదించుకోనక్కర్లేదు. బాగా నేసినవాడికీ నేయనివాడికీ ఒకటే. రేపు ఎక్కువ నేస్తావని ఇచ్చింది కూడా కాదు. పని ఐందా అని అడగకుండా చంద్రుడు తనపాటికి తను మాయమౌతాడు. థీసిస్‌కు ఒక అమావాస్య ఉంటే ఎంత బాగుండు అనుకుని, పోయిన ఏడాది నుంచి నేనూ ఆ రోజు పుస్తకం ముట్టడం మానేశాను. గడువు దగ్గరపడితే ఏం చేస్తానో చెప్పలేను.

ఈ ఏర్పాటులో ఒక చిల్లు ఉంది. మగ్గం ఆగుతుంది, పొయ్యి ఆగదు. పైపెచ్చు ఆ రోజు తలస్నానాలు, పూజ, బక్ష్యాలు. పెద్దలు సెలవు పెట్టింది మగ్గానికే. అత్తకు అమావాస్య అంటే నెలలో ఎక్కువ పని ఉండే రోజు. చంద్రుడికి చెప్పలేం కాబట్టి మా ఆయనకు చెప్పాను. షటిల్ మానమని అడగలేదు. అమావాస్య పూట వంట నీ వంతు అన్నాను. బక్ష్యాలు రావు అన్నాడు. బక్ష్యాలు లేకపోతే అమావాస్య రాకుండా ఆగదు అన్నాను. ఈ ఏడు సంక్రాంతి అయ్యాక, జనవరి 18న, అమావాస్య ఆదివారం పడింది. అన్నం, పప్పు, వంకాయ కూర చేస్తానని ఒప్పుకున్నాడు. మామ, అమావాస్య పూట వంకాయేనా అని గొణిగి, తర్వాత రెండుసార్లు వడ్డించుకున్నాడట.

ఆ పొద్దున అత్తను, ఆదోనికి పోయొద్దామా అన్నాను. ఏంటికి అంది. ఊరికే అన్నాను. కాసేపు నా మొహం చూసి, చీర మార్చుకొచ్చింది. బస్సులో కుడివైపు కిటికీ ఆమెకిచ్చాను. దారి పొడవునా ఏ ఊళ్ళో ఎవరి బిడ్డను ఇచ్చారో, ఏ పెండ్లిలో సాంబారు నీళ్ళగా ఉండిందో చెప్తూ వచ్చింది. ఉగ్గాని తిన్నాం. బజ్జీలో ఉప్పు తక్కువన్నది, ఇంకోటి అడిగింది. చీరల అంగట్లో ఒక చీర అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇది మగ్గంది కాదు అని గట్టిగా అంది, చేనేత అని బోర్డు పెట్టుకున్న అంగడి అది. ఏమీ కొనకుండా బయటికొచ్చాం. రణమండల కొండ వైపు చూసి, పెండ్లైన కొత్తలో ఒకసారి ఎక్కినా అంది, మళ్ళీ ఎక్కుదామని అనలేదు. మధ్యాహ్నం బస్సులో నిద్రపోయింది, తల కిటికీకి కొట్టుకోకుండా మధ్యలో నా చెయ్యి పెట్టాను.

మేము వీధి మలుపు తిరిగేసరికి ఎదురింటి అవ్వ అరుగు మీదే ఉంది.

"యాడికి పోయొచ్చినారు అత్తాకోడండ్లు?"

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "ఆదోనికి పోయింటిమి. డాక్టరు కాడికి."

"ఆదివారం ఉంటాడా?"

"ఉన్యాడు."

"ఏమైంది?"

"మోకాళ్ళు."

"ఏం జెప్పినాడు?"

అత్త చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా అంది, "నెలనెలా రమ్మన్యాడు. అమాసకు."